పట్టుపురుగులకు నేను పొగబెట్టిన రోజు

మా పట్టు పరిశ్రమ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని విజయం ఒకటి చెప్పండి" అంటారు. విజయాలు నన్నెందుకు అడగడం? ఆఫీసు గోడకు పెద్ద బోర్డు రాయించి పెట్టారు, పోయి చదువుకోండి. నా దగ్గరున్నది వేరే సరుకు. పట్టుపురుగుల దరిదాపుల్లో బీడీ కూడా ముట్టించొద్దని సర్వీసంతా ఊరూరా తిరిగి రైతులకు చెప్పిన మనిషి, రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు, తన సంతకంతో కొన్ని వేల పురుగుల్ని చంపాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇదీ మీ ట్రైనింగులో భాగమే అనుకొని వినండి.

మొదలైంది ఒక లెటరుతో. ఫ్రాన్సులో ఉండే వియత్నాం కళాకారిణి ఒకామె మన వైపు వచ్చి, తమ వారసత్వం, వలసపాలన చరిత్ర, పర్యావరణం అనే విషయాల మీద మల్టీమీడియా ప్రదర్శన ఒకటి తయారుచేస్తుందనీ, తగిన సహకారం అందించవలసిందనీ పైనుంచి వచ్చింది. అది ఎవరి పనో ఎవరికీ తెలియలేదు. కంప్యూటర్లు చూసేవాళ్ళు మాది కాదన్నారు. అడవులు చూసేవాళ్ళు ఇందులో చెట్ల లెక్క లేదు కదా అని తిప్పి పంపారు. గుళ్ళూ కోటలూ చూసేవాళ్ళు, వియత్నాం మా పరిధిలోకి రాదని లిఖితపూర్వకంగా తెలియజేశారు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు రెండో పేజీ దాకా చదివి, అక్కడ పట్టు అన్న మాట చూసి, మా నెత్తిన పెట్టాడు.

మా ఆఫీసరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. ఫైలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఏమప్పా, నీకు ఇంగ్లీషు వస్తాది. దానికి తోడు రిటైరయితాండావు. నువ్వే చూసుకో" అన్నాడు. ఇంగ్లీషు సరే, రిటైరవడం ఏ రకంగా అర్హతో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆమె వచ్చింది. ముప్పయ్యైదేళ్ళుంటాయేమో. పొట్టి మనిషి, వదులు చొక్కా, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. పెనుకొండ ఊరి బయట మూతబడిన పాత షెడ్డు ఒకటి చూపిస్తే, దాని పెచ్చులూడిన గోడలు తడిమి మురిసిపోయింది. మేం ఆ గోడలకు సున్నం కొట్టిస్తామంటే చేతులు జోడించి వద్దంది. మా ఆఫీసరుకు అక్కడే అనుమానం మొదలైంది. గోడకు సున్నం వద్దన్న అతిథిని ఆయన తన సర్వీసులో చూడలేదు.

ఆమె చెప్పిన కథ ఇది. వాళ్ళ అవ్వ వియత్నాంలో ఒక ఏటిగడ్డ ఊళ్ళో పట్టుపురుగులు సాకేది. ఫ్రెంచి దొరల కాలంలో వాళ్ళ గూళ్ళన్నీ దొరల మిల్లుకే పోయేవి. అవ్వ బతుకంతా పట్టు తీసింది కానీ ఒంటిమీద పట్టుగుడ్డ వేసి ఎరగదు. తర్వాత యుద్ధం. అమెరికా విమానాలు వచ్చి ఆ ఊరి మీద మందు చల్లి పోయాయి. అడవి మాడింది, మల్బరీ తోట మాడింది, తోటతో పాటు పురుగులూ పోయాయి. అవ్వ ఊరు విడిచి, దేశం విడిచి, చివరికి ఆ దొరల దేశంలోనే ఒక లాండ్రీలో పనిచేసి చనిపోయింది. ఈ మనవరాలు ఇప్పుడేం చేయాలనుకుందంటే, అవ్వ ఫోటోను పెద్ద గుడ్డ మీద అచ్చువేసి, మంచమంత చట్రానికి బిగించి, దాని మీద పండిన పురుగుల్ని వదలడం. పండిన పురుగు అంటే మేత మాని గూడు కట్టడానికి సిద్ధమైన పురుగు. దానికి ఆనుకోవడానికి మూల దొరక్కపోతే గూడు కట్టలేదు, పరిచిన చోటే పలచగా పట్టు పరుచుకుంటూ పోతుంది. రెండు మూడు రోజుల్లో అవ్వకు పట్టుదుప్పటి తయారవుతుంది. దాని మీద ఏరు, మిల్లు, మాడిన అడవి సినిమాగా ఆడతాయి. స్పీకర్లలో పురుగులు ఆకు తినే చప్పుడు.

నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. గూడు కట్టని పురుగును మేం చీపురుతో ఊడ్చి పారేస్తాం. ఈమె దానికోసం విమానమెక్కి వచ్చిందా అనుకున్నాను. పైకి మాత్రం "వెరీ నైస్, మేడమ్" అన్నాను. ఆ రెండు వారాల్లో నేను చేసిన అనువాదాలన్నీ ఆ మాదిరివే. మా ఆఫీసరు "ఈయమ్మకు పనీ పాటా లేదా?" అంటే, "మీ పనిని సార్ మెచ్చుకుంటున్నారు" అని చెప్పేవాణ్ణి.

పురుగుల కోసం గోరంట్ల దగ్గరి పల్లెలో ఒక రైతమ్మ దగ్గరికి తీసుకుపోయాను. యాభై దాటిన మనిషి. నా ట్రైనింగు క్లాసులో ముందు వరసలో కూర్చొని, నా ప్రాణం తీసేన్ని ప్రశ్నలు వేసిన మనిషి. ఆమె షెడ్డులోకి పరాయి మనిషిని అడుగు పెట్టనివ్వదు. గుమ్మంలో అడ్డంగా నిలబడి, "పాపా, మీ అవ్వ పురుగులు సాకిందంటివే. మీ దేశం పురుగుకు ఎన్ని జ్వరాలు?" అని అడిగింది. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని తల ఎత్తి పడుకుంటుంది, దాన్ని మనవాళ్ళు జ్వరం అంటారు. నేను ఇంగ్లీషులోకి మార్చి ముగించకముందే, కళాకారిణి నాలుగు వేళ్ళు చూపించింది.

రైతమ్మ మొహం విచ్చుకుంది. "అయితే మనదే. కాళ్ళు కడుక్కొని రా" అంది.

ఇద్దరూ రెండు రోజులు ఆ షెడ్డులోనే. ఒకరి భాష ఇంకొకరికి ముక్క రాదు. కళాకారిణి తట్టల దగ్గర మైకు పెట్టి, పురుగులు ఆకు కొరికే చప్పుడు రికార్డు చేసుకునేది. హెడ్‌ఫోన్లు తీసి రైతమ్మ చెవులకు పెడితే, ఆమె ఉలిక్కిపడి, "అబ్బా, వాన పడతాండాదే!" అని బయటికి పరుగెత్తింది, ఆరబెట్టిన బట్టలు తీద్దామని. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. అవ్వ ఎన్నడూ పట్టు కట్టలేదన్న సంగతి నేను తెలుగులో చెప్తే, రైతమ్మ నవ్వు ఆపి, "మా గూళ్ళు హిందూపురం పోతాయి, దారం ధర్మవరం పోతాది, చీర యాడికి పోతాదో మాకేం తెలుసు పాపా" అంది. ఆ మాట మాత్రం నేను ఏమీ మార్చకుండా చెప్పాను.

ఆ పంటలో పురుగులు బంగారంలా వచ్చాయి. ఒక సోమవారం పొద్దున వాటిని పెనుకొండ తెచ్చి చట్రం మీద వదిలాం. బుధవారం పదకొండుకు ప్రారంభం. ఒక పెద్దాయన ముఖ్య అతిథి. ఆయన ఏ పెద్దాయనో మీకెందుకు, ఆయన్ని మీరు చూసే ఉంటారు, ప్రతి రిబ్బను దగ్గరా ఉంటాడు.

ఇక నా ఘనకార్యం. మా ఆఫీసులో ఏ ఫంక్షన్ అయినా ఒకటే లిస్టు. ఎన్నడో ఎవరో టైపు చేసింది, జిరాక్సుల మీద జిరాక్సులు తీసి తీసి సగం అక్షరాలు మాసిపోయినా అందరికీ నోటికి వచ్చు. శామియానా, మైకు సెట్టు, కుర్చీలు, దండలు, శాలువాలు, బ్లీచింగ్ పౌడరు, దోమల పొగ, టిఫిన్లు. మంగళవారం పొద్దున ఆఫీసరు "లిస్టు పంపినావా?" అన్నాడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పెన్ను. పై నుంచి కింది దాకా వరసగా టిక్కులు పెట్టి, కింద సంతకం చేసి పంపేశాను. అలాంటి లిస్టుల మీద నేను ఎన్ని వందల టిక్కులు పెట్టుంటానో! ఒక్కటీ చదివి పెట్టలేదు. చదివితే పని జరగదని నా సీనియర్లు నేర్పించారు.

మధ్యాహ్నం ఆఫీసరు, అతిథిని ఊరికే కూర్చోబెట్టకూడదని, మగ్గాలు చూపించడానికి ఆమెను ధర్మవరం తీసుకుపోయి రాత్రికి అక్కడే బస పెట్టించాడు. నేను దండలకూ శాలువాలకూ హిందూపురం వచ్చాను. షెడ్డు దగ్గర మిగిలింది వాచ్‌మన్ ఒక్కడే.

బుధవారం పొద్దున మొదటి బస్సుకు దండల బుట్టతో దిగితే, వాచ్‌మన్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "సార్, నిన్న సందకాడ పొగ మిషనోళ్ళు వచ్చినారు. లోపలొద్దంటే, మీ సంతకం కాగితం చూపించినారు. నేను తలుపు తీసినా" అన్నాడు. అప్పటికే నా ముక్కుకు కిరసనాయిలు వాసన తగిలింది. బుట్ట అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను.

ఏం చెప్పమంటారు. చట్రం మీద ఒక్కటి కదలడం లేదు. తలలు ఎత్తి ఊగి ఊగి, రసం కక్కుకొని, ఒళ్ళు ముడుచుకుపోయి చచ్చాయి. నిన్న సాయంత్రం దాకా అవి పరిచిన పలచటి పట్టు పొర కింద అవ్వ ముఖం సగం మరుగై, సగం కనబడుతోంది. ఒక కన్ను పట్టు వెనక, ఒక కన్ను బయట. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఏడ్చాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గేముంది.

జీపు వచ్చింది. కళాకారిణి దిగి లోపలికి వచ్చి చూసింది. చట్రం చుట్టూ ఒకసారి నడిచి, నన్ను "ఏం జరిగింది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆఫీసరు ఇంగ్లీషులో "డిసీజ్ మేడమ్, నేచురల్" అన్నాడు. ఆమె నా వైపే చూస్తోంది. నేను తల ఊపాను. నా సర్వీసులో నేను ఊపిన తలల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు.

తర్వాత ఆయన నన్ను శామియానా వెనక్కి తీసుకుపోయాడు. "చూడప్పా, మందు అని రాస్తే, తెప్పించింది ఎవరంటారు. లిస్టు ఎవరు పంపినారంటారు. దాని మీద నీ సంతకం ఉండాది. రోగం అనుకో, రోగానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. రైతు దగ్గర్నుంచే పాలరోగం వచ్చిందని రెండు లైన్లు రాసియ్యి. నాలుగు నెలలు ఆగితే నీ బతుకు నీది" అన్నాడు. రిటైరవడం ఎలా అర్హతో అప్పుడు తెలిసింది.

పాలరోగం పురుగు నుంచి పురుగుకు అంటుకునేది, అది కాగితం మీద పడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రైతమ్మ షెడ్డుకు రోగిష్టి షెడ్డని పేరొస్తుంది. మేం ఆమెకు పిల్లపురుగులు ఇవ్వం. పక్కింటివాళ్ళు తట్ట బదులు తీసుకోరు, ఆమె గడప ముందు ఆకుమోపు దించరు. ఆమెకున్నదల్లా ఆ షెడ్డూ, ఆ పేరూ. అదంతా తెలిసే, శామియానా గుంజకు కాగితం ఆనించి ఆ రెండు లైన్లూ రాసి సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని చెబితే మీరు నన్ను కాస్త మంచివాడనుకుంటారు. వణకలేదు. అలవాటైన చెయ్యి.

పెద్దాయన పదకొండుకు రావలసినవాడు ఒకటిన్నరకు వచ్చాడు. కళాకారిణి ఏమీ తీసెయ్యలేదు. చచ్చిన పురుగుల మీదే సినిమా వేసింది. ఏరు పారుతోంది, మిల్లు పొగగొట్టం పొగ వదులుతోంది, స్పీకర్లలో ఆ వాన చప్పుడు. తినే పురుగు ఒక్కటి లేదు. పెద్దాయన రిబ్బను కత్తిరించి, చట్రం ముందు నిలబడి, తలాడిస్తూ చాలాసేపు చూశాడు. తర్వాత మైకు అందుకొని, యుద్ధంలో ప్రాణాలర్పించిన వియత్నాం వీరుల్ని ఈ కళాకారిణి పురుగుల రూపంలో కళ్ళకు కట్టినట్టు చూపించిందనీ, ముఖ్యంగా అవి చచ్చిపోయినట్టు పడుకోవడం చాలా సహజంగా కుదిరిందనీ చెప్పాడు. చప్పట్లే చప్పట్లు. ఫోటోలు తీసే ఆయన, ముందు వరస పురుగుల్ని కాస్త జరిపి బొకే పెట్టొచ్చా అని అడిగాడు. మా ఆఫీసరు మొహంలో నెత్తురు తిరిగి వచ్చింది. గండం గడిచింది, చావు కాస్తా కళ అయిపోయింది.

అప్పుడొచ్చింది రైతమ్మ. గోరంట్ల బస్సు దారిలో చెడిపోవాలని పొద్దుటినుంచీ దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఒక్క దేవుడూ వినలేదు. ఆమెకు శాలువా కప్పాలని ముందే లిస్టులో ఉంది కాబట్టి కప్పాల్సిందే. మా ఆఫీసరు శాలువా కప్పుతూనే చెవి దగ్గర, "ఏమ్మా, నీ పురుగుల్లో పాలరోగం ఉండాది. ఎవరికీ చెప్పొద్దులే. రెండు పంటలు ఊరికే ఉండు" అన్నాడు.

"రోగమా?" ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. "యాడుండాది రోగం? చూపించు!"

శాలువాతోనే నేరుగా చట్రం దగ్గరికి పోయి, ఒక పురుగును తీసి అరచేతిలో పెట్టుకుంది. వేలితో తిప్పి చూసింది. వంగి గుడ్డ వాసన చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. కోపమూ చూశాను. ఆ అరచేతిని నా ముందుకు చాచింది.

"పాలరోగమైతే ఒళ్ళు ఉబ్బల్ల, తెల్లగా కారల్ల. ఇది కక్కుకొని ముడుచుకోని సచ్చిండాది. ఇది మందు సార్. మందు తగిలిన పురుగు ఎట్లుంటాదో బోర్డు మీద బొమ్మేసి నేర్పించింది మీరే గదా? ఇప్పుడు చెప్పండి. రోగమా, మందా?"

పెద్దాయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కళాకారిణి నా దగ్గరికి వచ్చి, "ఆమె ఏమంటోంది?" అని అడిగింది.

పిల్లలూ, అక్కడ ఇంగ్లీషు వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ ఆమె అడిగింది నన్ను. ఆ రెండు వారాలూ చేసినట్టే చేయొచ్చు. పంట పోయిందని బాధపడుతోంది అంటే సరిపోయేది. మా ఆఫీసరు అదే చెప్పమని కళ్ళతో బతిమాలుతున్నాడు. రైతమ్మ అరచెయ్యి ఇంకా నా ముందే చాచి ఉంది.

"ఇది రోగం కాదంటోంది. విషమంటోంది. ఆమె చెప్పింది నిజం. దోమల పొగ తెప్పించింది నేను. లిస్టు మీద టిక్కు పెట్టి, చదవకుండా సంతకం చేశాను. పొద్దున మీతో అబద్ధం చెప్పి, రోగమని కాగితం కూడా రాశాను" అన్నాను ఇంగ్లీషులో. తర్వాత అదే రైతమ్మకు తెలుగులో చెప్పాను. పెద్దాయన వాచీ చూసుకొని, చాలా లోతైన విషయం అని ఎవరితోనో అంటూ జీపెక్కాడు. మా ఆఫీసరు ఆయన వెంట పరుగెత్తాడు.

కళాకారిణి తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె నెమ్మదిగా అంది: "మా అవ్వ ఊరి మీద మందు చల్లమని ఏ గదిలో ఏ మనిషి టిక్కు పెట్టాడో, చచ్చిపోయేదాకా ఆమెకు తెలియలేదు. ఎవరూ వచ్చి చెప్పలేదు. అలాంటి మనిషి ఎలా ఉంటాడో అని నేను చిన్నప్పటినుంచీ అనుకునేదాన్ని." నన్ను కింది నుంచి పైకి చూసింది. "మీలాగే ఉంటాడన్నమాట."

అది క్షమించడం కాదు. మెచ్చుకోవడం అసలే కాదు. నేను ఆ మాటను రైతమ్మకు తెలుగులో చెప్పలేకపోయాను.

రైతమ్మకు అదేమీ అక్కర్లేదు కూడా. "అదంతా సరే సార్. రోగమని రాసినారంట గదా. అది చింపేసి, నిజం రాసియ్యండి. సీలు గూడా ఎయ్యల్ల" అంది. నా జేబులోనే ఉన్న పొద్దుటి కాగితం తీసి చింపాను. కొత్తది తెలుగులో రాశాను: చట్రం మీది పురుగులకు రోగం లేదు, నేను తెప్పించిన దోమల మందు పొగ వల్ల చనిపోయాయి అని. వాచ్‌మన్ చేత గట్టిగా చదివించుకొని విని, "పురుగులు బాగుండినాయి అని గూడా రాయండి" అంది. రాశాను. సీలు ఆఫీసరు జీపులో ఉంది. "ఉంటే ఉండనీ, వచ్చేదాకా ఈడనే కూచుంటా" అని శాలువా కప్పుకొని చట్రం కింద నేల మీద కూర్చుంది. సాయంత్రం దాకా చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఆమె కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. కాలేజీ పిల్లలు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. మా ఆఫీసరు వచ్చి ఈ గోల చూసి, ఆమె అక్కణ్ణుంచి లేస్తే చాలని ఏం కాగితమో చూడకుండానే సీలు గుద్దాడు.

తర్వాతి సంగతి చిన్నదే. నాకు మెమో వచ్చింది. విదేశీ అతిథి ముందు శాఖ గౌరవానికి భంగం కలిగించినందుకట. పురుగుల మాట అందులో ఎక్కడా లేదు. కళాకారిణి ఆ చట్రాన్ని అలాగే, చచ్చిన పురుగులతో సహా గాజు బిగించి తీసుకుపోయింది. పక్కన నా కాగితం జిరాక్సు పెట్టి నాలుగైదు దేశాల్లో చూపించిందని ఉత్తరం రాసింది. అసలు కాగితం ఇమ్మని ఎంత అడిగినా రైతమ్మ ఇవ్వలేదు.

రిటైరయ్యాక ఒకసారి గోరంట్ల వైపు పోయినప్పుడు, మొహం చెల్లకపోయినా వాళ్ళ పల్లెకు పోయాను. షెడ్డు నిండా పురుగులు. గుమ్మం పక్కన నా కాగితం, లామినేషన్ చేయించి, మేకు కొట్టి తగిలించింది. ఆకు కోసుకొని వస్తున్న నలుగురు ఆడవాళ్ళు ఎవరీయన అని అడిగారు. రైతమ్మ కాళ్ళు కడుక్కోమని నాకు చెంబు అందిస్తూ, వాళ్ళ వైపు తిరిగి చెప్పింది.

"మన పురుగుల్ని సంపిన సారు ఈయనే. రాసిచ్చినాడు గదా, లోపలికి రానీ."